తవ్వకుండా వదిలిన దిమ్మె

కల్వకుర్తికి, దేవరకొండకు నడుమ నేల ఎక్కుతూ దిగుతూ పోతుంది. ఎర్ర చెల్కలు, రాతి గుట్టలు, గుట్టల నడుమ చెరువులు. పైన పడ్డ వాన ఒక చెరువును నింపి, మత్తడి దుంకి కింది చెరువుకు పోతుంది. అది నిండితే దాని కిందిదానికి. అలా దిగి దిగి చివరికి దిండి వాగులో కలుస్తుంది. దుందుభి అని కూడా పిలిచే ఆ వాగు పాలమూరు నేలలో పుట్టి, నల్లగొండ వైపు సాగి కృష్ణను చేరుతుంది. ఈ గొలుసుకట్టులో ఒకదాని కింద ఒకటిగా ఉన్న రెండు చెరువుల కథ ఇది. పై చెరువు ఊరిని ఎగువూరు అనీ, కింది చెరువు ఊరిని దిగువూరు అనీ అనుకుందాం.

ఏళ్ల తరబడి వరద తెచ్చిన ఒండ్రు పేరుకొని రెండు చెరువులూ లోతు పోయాయి. ఒకప్పుడు రెండు పంటలు తడిపిన నీళ్లు ఒక్క పంటకూ చాలడం లేదు. సర్కారు పూడికతీత జాబితాలో తమ వంతు ఎప్పుడొస్తుందో తెలియక, ఆ ఎండాకాలం రెండు ఊళ్ల సర్పంచులూ కూర్చొని మాట్లాడుకున్నారు. ఆయకట్టు రైతులు ఎకరానికి ఇంతని చందా వేసుకున్నారు. పూడిక తీసుకోవడానికి ఇరిగేషన్ ఆఫీసు నుంచి అనుమతి కాగితం తెచ్చుకున్నారు. కల్వకుర్తిలో ఒక ఓనరు దగ్గర మట్టి తవ్వే చైన్ బండిని కిరాయికి మాట్లాడారు.

బేరం ఇలా కుదిరింది. డీజిల్ ఓనరుది. ఆపరేటర్‌కు, హెల్పర్‌కు తిండి, బత్తా ఊరివాళ్లవి. చైన్ బండి రోడ్డు మీద నడిచి రాదు గనుక ట్రాలీ మీద తెచ్చి దింపే ఖర్చు రెండు ఊళ్లకు చెరిసగం. కిరాయి గంట లెక్క. ఆ గంటలు చెప్పేది క్యాబిన్‌లో ఉన్న మీటరు.

“ఇంజన్ ఆన్‌ల ఉంటే చాలు, బకెట్ లేచినా లేవకున్నా మీటర్ తిరుగుతనే ఉంటది. తర్వాత నాతోని కొట్లాట పెట్టుకోవద్దు,” అని ఓనరు ముందే చెప్పాడు.

బండి ముందు ఏ చెరువులో దిగాలన్న మాట వచ్చింది. దిగువూరి సర్పంచ్ నోరు తెరిచేలోగా ఆ ఊరి ముసలవ్వ అందుకుంది. పన్నెండేళ్ల పిల్లప్పుడే తల్లితో కలిసి మేస్త్రీ వెంట నాగార్జునసాగర్ కాలువల పనికి పోయిన మనిషి ఆమె. పెళ్లయ్యాక కూడా ఏళ్ల తరబడి మట్టి తట్ట మోసింది.

“బండి వచ్చినంక ఆలోచిద్దమంటే ఆ ఆలోచనకు గూడ కిరాయి కట్టాలె. మాకు నాలుగు దినాలు కావాలె. ముందుగాల మీరే తవ్వుకోండ్రి,” అన్నది.

ఎగువూరివాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే బండి ఎగువూరి చెరువులో దిగింది. ఊరంతా కట్ట మీదికి వచ్చింది. ఒక్క బకెట్ లేచిందంటే డెబ్బై ఎనభై తట్టల మట్టి లేచినట్టే. రెండు బకెట్లు, మూడు బకెట్లు, ట్రాక్టర్ ట్రాలీ నిండిపోయింది. రెండో ట్రాక్టర్ నిండింది. మూడోదీ నిండింది. ఆ ఊళ్లో అప్పటికి సిద్ధంగా ఉన్న ట్రాక్టర్లు మూడే. మట్టి పోసే చెల్కలు కిలోమీటరు అవతల ఉన్నాయి. మొదటి ట్రాక్టర్ తిరిగొచ్చేదాకా బండి బకెట్ నేలకు ఆనించి నిలబడింది. ఇంజన్ నడుస్తూనే ఉంది.

ఎగువూరి సర్పంచ్ చెడ్డవాడు కాదు. తన సొమ్ము కూడా చందాలో వేసినవాడు. మీటర్ వైపు చూసినప్పుడల్లా ఆయనకు గుండె పీకుతోంది. “ఖాళీగ ఎందుకు నిలవడ్డది? ఏదో ఒకటి తవ్వరాదు?” అన్నాడు. ఆపరేటర్ ఏం చేస్తాడు, తవ్వి పక్కన కుప్ప పోశాడు. ఆ కుప్పను ట్రాలీలోకి ఎత్తడానికి మళ్లీ గంటలు పట్టాయి. సాయంత్రం లెక్క చూస్తే మూడో వంతు సొమ్ము అయిపోయింది, చెరువులో నాలుగు గుంటల నేల కూడా తేలలేదు.

ఆ రాత్రే ఒక టిప్పర్ల యజమాని సర్పంచ్ ఇంటికి వచ్చాడు. హైవే దగ్గర వేస్తున్న వెంచర్ రోడ్లకు మొరం కావాలన్నాడు. “పూడిక కింద మంచి మొరం ఉన్నదట. నా టిప్పర్లు పెడత. బండి కిరాయి సగం నేనే కడత. మీ చెరువు లోతైతది, నా రోడ్డు అయితది,” అన్నాడు. పెద్దలు పిలుచుకొని మాట్లాడుకున్నారు. అనుమతి కాగితంలో పూడిక అని ఉందే గాని మొరం అని లేదని ఒక మాస్టారు గుర్తుచేశాడు. కిరాయి బరువు ముందు ఆ మాట నిలవలేదు.

టిప్పర్లకు కట్ట పక్క దారే దగ్గర. కాబట్టి కట్ట మొదట్లోనే తవ్వకం మొదలైంది. టిప్పర్లు ఎక్కువ, బండి ఒకటే కాబట్టి ఇప్పుడది క్షణం ఖాళీగా లేదు. రాత్రుళ్లు లైట్లు పెట్టి తవ్వారు. నల్లటి ఒండ్రు పోయింది, దాని కింది జిగురు మట్టి పోయింది, ఎర్రటి మొరం తేలింది. నాలుగో రోజు చూసేసరికి కట్ట వెంట ఇద్దరు మనుషుల లోతున గుంటలు. ఎగువూరు గర్వపడింది. ఇచ్చిన ప్రతి రూపాయికీ బండి పని చేసిందని చెప్పుకున్నారు.

ఆ నాలుగు రోజులూ దిగువూరు చేసింది వేరు. అవ్వ మొదట అడిగింది ఒకటే: “చెరువుల మట్టి ఎంత లోతున్నదో మనకు ఎరికేనా?” ఎవరికీ తెలియదు. ఊళ్లో నలుగురు కూలీలు గడ్డపార, పార పట్టుకొని చెరువులో ఐదు చోట్ల చిన్న గుంటలు తీశారు. ఒక దగ్గర ఒండ్రు మోకాలి లోతుంది, ఒక దగ్గర నడుము లోతుంది, శిఖం అంచున జానెడే ఉంది. ఒండ్రు అయిపోగానే పసుపు రంగు జిగురు మట్టి పొర తగిలింది. ఆ పొర కింద మొరం.

“ఈ పసుపు మట్టే చెరువుకు అడుగు,” అన్నది అవ్వ. “దీన్ని తియ్యొద్దు.”

తర్వాత మేస్త్రీని పిలిపించారు. ఇల్లు కట్టేటప్పుడు మట్టం చూసే నీళ్ల పైపు ఉంటుంది గదా, దాన్ని తూము గడప దగ్గర పట్టి, ఆ మట్టాన్ని ఐదు గుంటల దగ్గర పాతిన గుంజల మీద సున్నంతో గీశాడు. తూముకంటే కిందికి తవ్విన చోట నీళ్లు నిలుస్తాయి, కానీ కాలువలోకి రావు. పశువులు తాగడానికి ఒక మడుగు చాలు. అంతకు మించి తవ్వితే పొలానికి ఒరిగేది లేదని మేస్త్రీ రైతులకు విడమరచి చెప్పాడు.

మూడో రోజు రైతులందరినీ కూర్చోబెట్టి ఎవరి చెల్కకు ఎన్ని ట్రిప్పులు కావాలో రాసుకున్నారు. నల్లరేగడి ఉన్నవాళ్లకు ఒండ్రుతో పనిలేదు, వాళ్లు తప్పుకున్నారు. దూరం చెల్కలకు ట్రాక్టర్ పోయి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసి, బండి ఆగకుండా ఉండాలంటే ఎనిమిది ట్రాక్టర్లు కావాలని తేల్చారు. పక్క ఊరి నుంచి మూడు తెప్పించారు.

ఐదో రోజు బండి దిగువూరి చెరువులో దిగింది. పొద్దున మీటర్ రీడింగ్ ఎంతో ఆపరేటర్ చెప్పగా సర్పంచ్ నోట్‌బుక్‌లో రాసుకొని ఇద్దరూ సంతకం పెట్టారు. ఇంజన్ స్టార్ట్ చేయబోతుంటే అవ్వ క్యాబిన్ దగ్గరికి వచ్చింది.

“బిడ్డా, గా ఐదు గుంజల కాడ గుంజ చుట్టు మూడడుగుల మట్టి దిమ్మె ముట్టకుండ ఇడువు.”

“అదెందుకవ్వా? అడ్డమొస్తది. టైం గూడ పోతది,” అన్నాడు ఆపరేటర్. ఇరవై ఐదేళ్ల కుర్రాడు, జడ్చర్ల దగ్గరి పల్లెవాడు.

“మేం కాలువ తవ్వేటప్పుడు గిట్లనే ఇడిచేటోళ్లం. మట్టి ఎంత తీసినమో కొలిచెటందుకు గుంట నడుమ దిమ్మె ఉండాలె. అది లేకుంటే ఓవర్సీరు కొలత రాయడు, కొలత లేకుంటే కూలి లేదు. మొదలు నేల ఏడికున్నదో దిమ్మె చెప్తది, ఎంత తవ్వినమో గుంట చెప్తది. ఇప్పుడు నీకు గంటలెక్క గనుక దిమ్మెతోని అవుసరం లేదు. మాకున్నది.”

ఆపరేటర్ కాసేపు ఆ గుంజల వైపు చూశాడు. “మా తాత గూడ మేస్త్రీల వెంట బొంబాయి దిక్కు పోయేటోడు. గీ ముచ్చట ఎన్నడు చెప్పలే,” అన్నాడు. తర్వాత తన పని సంగతి ఒకటి చెప్పాడు: “నిజం చెప్పాలంటే క్యాబిన్‌ల కూసుంటే లోతు సరిగ్గ తెల్వదవ్వా. పక్కన కొలత కనవడితే నాకే సులువు.”

దిమ్మెల పక్కన సున్నం గీతలు చూసుకుంటూ తవ్వాడు. నల్ల మట్టి అయిపోయి బకెట్ పళ్లకు పసుపు జిగురు తగిలిన చోట ఆపి పక్కకు జరిగాడు. కట్ట మొదలు జోలికి పోలేదు. ఎనిమిది ట్రాక్టర్లు వరసగా వస్తూ పోతూ ఉంటే బకెట్ ఖాళీగా నిలబడ్డ సందర్భం లేదు. పొద్దుగూకగానే ఇంజన్ ఆపేవారు. చందా సొమ్ము పూర్తిగా అయిపోకముందే పని అయిపోయింది. మిగిలిన సొమ్ముతో తూము తలుపు బాగుచేయించారు. చూడటానికి మాత్రం ఎగువూరి గుంటల ముందు దిగువూరి పని చిన్నగా కనిపించింది. “అంత పెద్ద బండి తెచ్చి గింతేనా?” అని కుర్రాళ్లు నిష్ఠూరమాడారు.

శ్రావణంలో వాన పడింది. రెండు రాత్రులు ఆగకుండా కురిసింది. ఎగువూరి చెరువు మొదట నిండింది. మూడో రోజుకే కట్ట వెనకాల, పొలాల వైపు, నేల చెమ్మ తేలి సన్నగా ఊటలు పుట్టాయి. కట్ట మొదట్లో తవ్విన గుంటల్లోంచి నీళ్లు మొరంలోకి దిగి, కట్ట కిందుగా దారి వెతుక్కుంటున్నాయి. ఊటలో మట్టి కూడా రావడం చూసి ఒక ముసలి నీరటికాడు కేకలు పెట్టాడు.

కబురు దిగువూరికి చేరింది. అర్ధరాత్రి అవ్వ మనుమడు సహా నలభై మంది ఇసుక సంచులతో ఎగువూరి కట్ట మీదికి పరిగెత్తారు. పై కట్ట తెగితే ఆ వరద ముందు కింది కట్ట నిలవదని వాళ్లకు తెలుసు. ఊటల చుట్టూ సంచులు పేర్చారు. మత్తడిని కొంత తెంపి నీళ్లు కిందికి వదిలి చెరువు బరువు తగ్గించారు. తెల్లవారేసరికి కట్ట నిలిచింది. కానీ ఎగువూరి నీళ్లలో సగం దిగిపోయాయి. మిగిలిన నీళ్లు తూముకు అందని గుంటల్లో నిలిచాయి. కళ్ల ముందు నీళ్లుండగానే కాలువ ఎండింది. కార్తీకంలో ఒక రైతు బర్రె ఆ గుంటలోకి జారి మళ్లీ పైకి రాలేదు. దిగువూరి ఆయకట్టు మాత్రం యాసంగి వరి కూడా కోసుకుంది.

మరుసటి ఎండాకాలం ఎగువూరి పెద్దలు అవ్వ దగ్గరికి వచ్చారు. ఆమె ఒక్క దెప్పుడు మాట అనలేదు. “మళ్ల బండిని పిలువుండ్రి. ఈసారి రెండూళ్లం కలిసి చూసుకుందం,” అన్నది. అదే బండి, అదే ఆపరేటర్. ఈసారి పని పూడ్చడం. పోయిన మొరం తిరిగి రాదు గనుక దూరం నుంచి జిగురు మట్టి తెప్పించి, పొర మీద పొర పోసి, నీళ్లు చల్లి, గట్టిగా కూరి కట్ట మొదలును నిలబెట్టారు. తవ్వడానికి పట్టిన గంటలకు రెట్టింపు గంటలు పట్టాయి. ఆ ఏడు ఎగువూరి చెరువులో కూడా మట్టి దిమ్మెలు నిలబడ్డాయి.

నీతి

కిరాయి గంటలతో తీరిపోతుంది. తవ్విన నేలతో మాత్రం ఊరు తరాల పాటు బతకాలి. అందుకే ఎక్కడ తవ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నది మీటర్ తిరగడం మొదలుపెట్టక ముందే తేలాలి.

ఎగువూరివాళ్లను దుర్మార్గులుగా చూస్తే ఈ కథ అర్థం కాదు. గంట లెక్క కిరాయిలో ఒక బలవంతం ఉంది. బండి నిలబడితే నష్టమనిపిస్తుంది, కదిలితే లాభమనిపిస్తుంది. ఆ తొందరలో పని కోసం బండి అన్నది పోయి బండి కోసం పని అయింది. ట్రాక్టర్లు చాలక మొదలైన చిన్న ఇబ్బంది టిప్పర్ల దాకా, టిప్పర్ల నుంచి కట్ట మొదలు దాకా పోయింది. ఎక్కడా ఎవరూ పెద్ద తప్పు చేయాలని అనుకోలేదు. ముందుగా తేల్చుకోని ప్రతి సంగతినీ మీటరే తేల్చింది.

యంత్రాన్ని తప్పుపట్టడం ఇంకా అన్యాయం. ఈ నేల మనుషుల వెన్నుపూస మీద ఎన్ని ఆనకట్టలు లేచాయో మనకు తెలుసు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసి, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగర్, వేలాది కూలీలు రాయి మీద రాయి పేర్చి నిలబెట్టిన ఆనకట్ట. దేశంలో ఎక్కడ పెద్ద తవ్వకం పని జరిగినా అక్కడ పాలమూరు కూలీ ఉండేవాడు. మేస్త్రీ దగ్గర ముందుగా తీసుకున్న అప్పు, దాని కింద కుటుంబమంతా చేసే చాకిరీ, ఊళ్లో ముసలివాళ్ల దగ్గర వదిలిన పిల్లలు, ఇదంతా ఆ తట్ట వెనక ఉంది. ఆ తట్ట మళ్లీ రావాలని కోరుకునే హక్కు ఎవరికీ లేదు. అవ్వ కూడా కోరుకోలేదు. ఆమె తట్టను వదిలేసి కొలతను మాత్రం దాచుకుంది. మనం నేర్చుకోవలసింది అదే. పాత పనిలో ఉన్న బాధను వదిలించుకునేటప్పుడు దానిలో ఉన్న జ్ఞానాన్ని కూడా పారేస్తే, చేతికి వచ్చిన కొత్త బలం మన మీదే పడుతుంది.

2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయ, 46 వేలకు పైగా చెరువులను విడతలవారీగా బాగుచేయాలని తలపెట్టింది. అందులో పూడిక తవ్వి ఎత్తే ఖర్చు సర్కారు పెట్టుకుంది, ట్రాక్టర్లలో చెల్కలకు తోలుకునే ఖర్చు రైతులు పెట్టుకున్నారు. ఇన్ని చెరువుల్లో దిగడం యంత్రాలు లేకుండా అయ్యే పని కాదు. ఆ పని చూసిన రైతులకు ఒక సంగతి బాగా తెలుసు: ఒండ్రు చెల్కకు బలం, జిగురు పొర చెరువుకు బలం. ఒకదాన్ని తీయాలి, ఇంకొకదాన్ని కాపాడాలి. రెండింటికీ నడుమ తేడా బెత్తెడే ఉంటుంది. ఆ బెత్తెడు దగ్గర బకెట్‌ను ఆపగలిగేది పక్కన నిలబడ్డ మనిషి మాత్రమే.

చెరువు సంగతి ఇంత. ఇంటి పునాదికైనా, పొలంలో నీటి కుంటకైనా, పైపులైను కాలువకైనా ఇదే వర్తిస్తుంది. చక్రాల జేసీబీ అయినా, చైన్ల హిటాచీ అయినా, పిలవడానికి ముందు రోజే నేల మీద నడవండి. హద్దురాళ్లు, పైనున్న కరెంటు తీగలు, కిందున్న పైపులు చూసి సున్నంతో గీత గీయండి. ఎంత లోతు కావాలో మేస్త్రీ చేత మట్టం పట్టించండి. తీసిన మట్టి ఎక్కడికి పోవాలో, ఎన్ని ట్రాక్టర్లు కావాలో లెక్క వేయండి. దేనికి అనుమతి ఉందో కాగితం చదివి చూసుకోండి, లేనిదాని జోలికి పోకండి. మొదలు, ముగింపు రీడింగులు ఇద్దరూ రాసుకోండి. ఆపరేటర్‌కు వేళకు అన్నం పెట్టండి, రాత్రి నిద్రపోనివ్వండి. అలసిన చేతిలో ఇరవై టన్నుల బండి పెట్టడం ఎవరికీ క్షేమం కాదు. ఇంత పనికి మీకు ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. ఆ రోజులకు ఎవరూ కిరాయి అడగరు.

చివరగా ఇంకొక మాట. గొలుసుకట్టులో ఎవరి చెరువూ వాళ్ల ఒక్కళ్లది కాదు. పై ఊరి గుంట కింది ఊరికి గండం, పై ఊరి జాగ్రత్త కింది ఊరికి పంట. కాబట్టి పక్క ఊళ్లో బండి దిగిందని తెలిసిన రోజు చూసిరావడానికి వెళ్లండి. మీకు తెలిసిన కొలత వాళ్లకు చెప్పండి, వాళ్లకు తెలిసింది అడగండి. ఊళ్లో మట్టి పని ఎరిగిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను కట్ట మీదికి తీసుకుపోయి కూర్చోబెట్టి అడగవలసింది ఇప్పుడే, బండి రాకముందే.